రెండో వరుస, ఎడమ నుంచి నాలుగు

సావనీరుకి రెండు పేజీల చరిత్ర రాయమన్నారు.
తారీఖులు, షీల్డులు, వచ్చిపోయిన జనరల్ మేనేజర్లు.
నా దగ్గరున్నది హాజరు పట్టీ ఒక్కటే.
అట్ట మీద గ్రీజు మరక,
లోపల చెదలు తినగా మిగిలిన మంగళవారాలు.

ముప్పై రెండులో మొదలు, లాలాగూడ వర్క్‌షాపులో.
బాయిలర్ షాపు ఫోర్‌మన్ ప్రిచర్డ్ దొర
వేల్స్ బొగ్గుగనుల సీమవాడు,
ఇంగ్లీషువాడంటే మాత్రం ఊరుకునేవాడు కాదట.
వాళ్ళ ఊళ్ళో గనిలోంచి పైకొచ్చిన మగవాళ్ళు
ముఖాల మసి పోకముందే పాటకి నిలబడతారని చెప్పి
సైరన్ కూశాక పదకొండు మందిని ఆపాడు.
సన్న గొంతులు రెండు జట్లు, బొంగురు గొంతులు రెండు జట్లు.
కాగితం చదవలేనివాళ్ళకి చేతి సైగే స్వరం:
పిడికిలి బిగిస్తే షడ్జమం,
అరచేయి అడ్డంగా నిలిపితే పంచమం.

మావాళ్ళకి అరవడం వచ్చు.
సుత్తుల మధ్య పక్కవాణ్ణి పిలవాలంటే
చచ్చేవాణ్ణి పిలిచినట్టు పిలవాలి.
మెల్లగా పాడటానికి రెండేళ్ళు పట్టింది.
మెట్టుగూడ నల్లా దగ్గర ఆడవాళ్ళు అనుకున్నారట,
"దొర పున్నెం, ఇంట్ల లొల్లి తగ్గింది."

దొర భాష పాటల్ని తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు.
ఒక్క ముక్కకీ అర్థం తెలీదు.
ఒకచోట అంచున ఎవరిదో పెన్సిల్ రాత:
"ఇక్కడ ఏడుపు రావాలె అని దొర చెప్పిండు."

నలభై ఎనిమిది సెప్టెంబరు. రెండు మంగళవారాల మీద అడ్డగీత.
మూడో వారం తొమ్మిది మంది.
ఫిట్టర్ ఖుద్దూస్ పేరు పక్కన ప్రశ్న గుర్తు.
అక్టోబరు చివర ఆ గుర్తు మీదే టిక్కు దిద్దారు.
ఇన్నాళ్ళూ ఎక్కడున్నావని అడిగినట్టు రాసి లేదు.
అడగనట్టూ రాసి లేదు.

షీల్డుల సంగతి వేరేవాళ్ళు రాస్తారు.
నేను ఇద్దరి గురించి రాస్తాను.

యేసుపాదం బాయిలరు కడుపులో కూర్చుని
బయటి సుత్తి దెబ్బకి లోపల్నుంచి ఎదురు ఒత్తేవాడు.
ముప్పై అయిదేళ్ళకే చెవులు పోయాయి.
అయినా కింది బాసు, మానలేదు.
పక్కవాడి వీపు మీద అరచేయి ఆనించి
ఎముకల్లోంచి శ్రుతి తీసుకునేవాడు.
తప్పలేదు, ఒక్కనాడూ.

ఆ పక్కవాడు ఎలీషా, పెట్టెలకు రంగు వేసేవాడు.
దొర వెళ్ళాక వచ్చిన థియోడర్ మాస్టరు
మొదటిరోజే విని, చాలాసేపు ఆలోచించి,
"మనిషివి ఎత్తుగున్నవ్, వరుస నిండుతది.
పెదవులు కదుపు. సప్పుడు మాత్రం చెయ్యకు" అన్నాడు.
ఇరవై ఆరేళ్ళు కదిపాడు.
ఒక్క గైర్హాజరు లేదు, కూతురి పెళ్ళినాడు తప్ప.

పట్టీ తిరగేస్తుంటే ఆలస్యంగా తట్టింది నాకు:
చెవులు లేని మనిషి
గొంతు ఎత్తని మనిషి వీపు మీద చెయ్యి పెట్టి
శ్రుతి ఎక్కణ్ణించి తెచ్చుకున్నట్టు?

ఎలీషా తాత బతికే ఉన్నాడు, సీతాఫల్‌మండిలో, కొడుకు దగ్గర.
అడిగితే బీడీ ఆర్పి, అటూ ఇటూ చూసి,
"గొంతుల పాడొద్దన్నరు గద బిడ్డా.
ఈపుల పాడిన," అన్నాడు.
మాస్టరు పోయి పాతికేళ్ళయినా
ఆ మాట గుసగుసగానే చెప్పాడు.

ఆవిరి పోయింది, డీజిలు వచ్చింది.
బాయిలర్ షాపులో ఇప్పుడు సీట్ల ఫోమ్ నిల్వ ఉంచుతారు.
మేము ఏడుగురం. పై గొంతు ఒక్కటీ లేదు.
అందువల్ల పాటంతా కొంచెం కిందకి దించి పాడుకుంటాం,
ఆపైన ఉస్మానియా బిస్కెట్ల లెక్క దగ్గర తగువు.

సావనీరు కమిటీకి ఒక మనవి.
యాభై తొమ్మిదో సంవత్సరం గ్రూపు ఫోటో వేసేటప్పుడు
అంచులు కత్తిరించకండి.
రెండో వరుస, ఎడమ నుంచి నాలుగు, అయిదు.
యేసుపాదం కుడిచెయ్యి కనిపించదు.
ఫోటో పాడయిందనుకునేరు.
ఆ చెయ్యి పనిలో ఉంది.