కాగితపు పట్టీలు

తార్తులో డిసెంబరు. మూడున్నరకే కిటికీలు నల్లబడతాయి.
నేలమాళిగలో మాత్రం పగలు నా చేతిలో ఉంటుంది:
రెండు దీపాలు, వాటికి తెల్లగుడ్డ గొడుగులు,
నీడ పడనివ్వని పగలు.

రోజుకు నూటయిరవై. లెక్క ఉర్వెది.
సూది పట్టి ఎత్తాలి,
దాని కింద గుచ్చిన చీటీలు చిరక్కుండా దింపాలి,
పక్కన మిల్లీమీటర్ల బద్ద, రంగుల పలక, అంకె.
కెమెరా వెంట్రుకవాసి చొప్పున కిందికి జరుగుతూ
ఒక్కో పురుగుకి నలభై బొమ్మలు తీస్తుంది.
ఒకదాన్లో మీసం, ఒకదాన్లో వీపు మీది నూగు,
ఇంకెక్కడో అడుగున కాలి ముల్లు.
యంత్రం వాటిని కలిపి కుడుతుంది.
అంతా ఒకేసారి తేటగా కనిపించే చూపు
ఏ కంటికీ లేదు,
దాన్ని తరిమిన గబ్బిలానికి అసలే లేదు.

మొదటివారం వాటి మీద జాలి. రెండోవారం నడుంనొప్పి.
తర్వాత చిక్కుడుకాయలు వొలిచినట్టే.

గురువారం తెరిచిన పెట్టెలో పురుగుల వరసల్లేవు.
ఒక బెండు పలక, మధ్యలో గాడి,
గాడిలో చిమ్మట ఒకటే.
పుల్లమీగడలో బీట్‌రూట్ కలిపినప్పటి గులాబీ,
అంచుల్లో నాచు రంగు.
పరిచిన రెక్కల మీద అటో పట్టీ ఇటో పట్టీ,
ఆరేలోగా ముడుచుకోకుండా గుండుసూదులతో బిగించి.
పదిహేను రోజులు ఉంచి తీసేస్తారు.

ఎవరూ తీయలేదు.

పక్కన పెన్సిల్ చీటీ:
కాసెమే బడి వెనక, లాంతరు వెలుగుకి.
13 జూన్ 1941, రాత్రి 11.40. హెల్దుర్ కీవిత్.

మర్నాడు తెల్లవారకముందే లారీలు వచ్చాయి.
ఈ దేశంలో ఆ తేదీ పక్కన ఇంకేమీ రాయక్కర్లేదు.
పలకని మేనకోడలు అటక మీంచి దింపి
బంగాళాదుంపల గోనెలో చుట్టి తెచ్చిందట,
చాలా ఏళ్ళ తర్వాత.

పట్టీలు గళ్ళ నోటుపుస్తకంలోంచి కత్తిరించినవి.
ఎడమ రెక్క మీద పిల్లరాత:
ఏడు ఎనిమిదులు యాభై నాలుగు.
నాలుగు మీద ఎర్ర పెన్సిల్ అడ్డగీత.
సరైన అంకె రాసిన చోట కత్తెర పడింది.

రెక్కలు పూర్తిగా కనబడాలి, అది నియమం.
ఉర్వె పట్టకారు తెచ్చింది,
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి వంగింది,
చాలాసేపు వంగే ఉంది.
ఆమె పుట్టింది తోమ్స్క్ దగ్గర. ఆ మాట ఒక్కసారే,
కాఫీ దగ్గర, చక్కెర అందుకుంటూ చెప్పింది.
"లాగితే రంగు కాగితంతో వచ్చేస్తుంది," అంది చివరికి.
నిజమే, వచ్చేస్తుంది.
పట్టకారు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

అలాగే తీశాను.
పదమూడో బొమ్మలో కాగితం పీచు, తప్పు నాలుగు, ఎర్రగీత.
పందొమ్మిదిలో అవి కరిగిపోయి
అడుగునుంచి గులాబీ పైకి తేలింది.
కలిపి కుట్టమంటే యంత్రం అక్కడ తడబడింది,
పైదా, కిందిదా తేల్చుకోలేక
చిటికెన గోరంత మసక వదిలేసింది.

దిద్దే సాధనం ఉంది. రెండు నిమిషాల పని.

గమనికల గడిలో "పట్టీలు ఉన్నాయి" అని కొట్టాను,
"ఇంకా" అనే మాట ముందు చేర్చి, తీసేసి, మళ్ళీ చేర్చి.
ఆ రోజు నా లెక్క తొంభై ఒకటి.
మసక అలాగే ఉంది,
పెద్దది చేసి చూస్తే తెలుస్తుంది.