అరవై ఒకటి దగ్గర

సాయంత్రం ఆరుకి
ఖాదీ సంఘం తలుపులు దగ్గరికేసి
బ్యాకప్ నొక్కుతాను.
ఆకుపచ్చ గీత పాకుతుంది
పొందూరు స్టేషన్లోకి ప్యాసింజరు పాకినట్టు.
అరవై ఒకటి దగ్గర ఆగిపోతుంది.
'పరికరం స్పందించడం లేదు.'

ఇలా పంతొమ్మిది రోజులు.

కేబుల్ మార్చాను,
సెల్‌ఫోను కొట్టు గణపతి ఇచ్చింది, పొట్టిది, లావుది.
ముందు రంధ్రానికి కరెంటు చాలదని ఎవరో అంటే
తీసి వెనక రంధ్రంలో గుచ్చాను.
యాంటీవైరస్‌ని కాసేపు పడుకోమన్నాను,
డిస్కుని మాత్రం పడుకోవద్దన్నాను.
'నూలు కూలి రెండో విడత సరిచేసినది కొత్తది ఇదే ఫైనల్'
అని నేనే పెట్టుకున్న పేరు
పొడుగైందేమోనని తోక కోశాను.
అరవై ఒకటి.
ఒక రాత్రి అరవై రెండు.
ఆ సంతోషానికి పెసరట్టు పార్సిలు కట్టించుకుని ఇంటికెళ్లాను.
మర్నాడు మళ్లీ అరవై ఒకటి.

సెక్రటరీ దండాసి గారికి చెప్పలేదు.
చెప్పాల్సింది ఇంకొకటి కూడా ఉంది.
ఎండాకాలంలో కంప్యూటరు నిండిపోయిందని
నిరుటి కూలి లెక్కలన్నీ
ఈ డబ్బాలోకే తోసేశాను.
నకలు కాదు, అసలు.
చోటు మార్చడమూ
రెండో చోట కూడా ఉంచడమూ ఒకటి కాదని
అప్పుడు తోచలేదు.

శుక్రవారం చిలపలు తూకం వేయించుకోడానికి
బొంతల అసిరమ్మ వచ్చింది.
నలభై ఏళ్లుగా ఒంటి కదురు రాట్నం.
సంచిలో ఏకులతోపాటు
వాలుగ చేప దవడ ఎముక, గుడ్డలో చుట్టి.
పళ్లరిగిపోనాయి, కొత్తది దొరకటం నేదు అంటుంది వచ్చినప్పుడల్లా.
ఆవేళ అనలేదు.
తల పక్కకి వంచి బల్లవైపు చూసింది.

"ఏటి బాబూ, ఆ డబ్బాలో ఏటో తిరుగుతంది?"
డిస్కు, అన్నాను. లెక్కలు రాసుకునే పళ్లెం.
"ఇరుసుందా దానికి?"
ఉంటుంది.
"తిన్నగా నేదు. ఇను."

విన్నాను.
ఇన్ని రోజులూ తెరనే చూశాను గానీ
ఒక్కసారీ చెవి ఒగ్గలేదు.
సన్నటి హోరు. హోరులో ఒక టిక్కు.
ఆగి, వెనక్కి పోయి,
మళ్లీ అదే చోట టిక్కు.

"కదురు వొంకరోతే ఏకు మారిస్తే ఏటవుద్ది?
పత్తిని తిడితే ఏటవుద్ది?
తెగిన కాడే తెగుద్ది.
ఆపీ. తిప్పినకొద్దీ ఉన్నదీ పోద్ది."

ఆపాను.

శ్రీకాకుళం వెళ్లి కొత్త డిస్కు కొన్నాను,
నా జీతంలోంచి, నాలుగువేల మూడొందలు.
పాతదాంట్లోంచి కొంచెం కొంచెంగా,
ఫొటోలూ ప్రారంభోత్సవాలూ వదిలేసి
కూలి లెక్కలు ముందు,
చల్లారనిచ్చి, మళ్లీ తిప్పి,
టిక్కుమనగానే చెయ్యి తీసేసి
మూడు రాత్రులు లాగాను.
నాలుగో రాత్రి అది తిరగలేదు.

పదకొండు మంది లెక్కలు రాలేదు.

దండాసి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
తిట్టి ఉంటే బాగుండేది.
పాస్ పుస్తకాలు తెమ్మన్నారు.
తెచ్చారు, వానకి తడిసి అట్టముక్కలైనవి.
ఇక వరండాలో కూర్చుని
నోటితోనే అడిగాను.
నిరుడు శ్రావణంలో ఎన్ని చిలపలు?
దమయంతి వేళ్ల కణుపుల మీద నడిచి వచ్చింది.
గవరమ్మ, ఆ నెల మనవడికి జొరం, తొమ్మిదే అంది.
"రాసుకున్నోడివి నువ్వు, అడిగేది నన్నా?"
అని సంతోషమ్మ కొంగు దులిపింది,
దులిపి, చెప్పింది.
అసిరమ్మ కూడా ఆ పదకొండులోనే.
ముప్పై నాలుగు అంది, తడుముకోకుండా.
ఆడిట్ కాగితం ప్రకారం
ముప్పై మూడే ఉండాలి.
ముప్పై నాలుగే కొట్టాను.
ఆడిటరు అడిగితే అప్పుడు చూద్దాం.

ఇప్పుడు డబ్బాలు రెండు.
ఒకటి సంఘం బీరువాలో,
ఒకటి దండాసి గారింట్లో, బియ్యం డ్రమ్ము పక్కన.
సాయంత్రం ఆరుకి నొక్కుతాను.
గీత అరవైకి వచ్చేసరికి
లేచి ఫ్యాను కట్టేసి
బల్లకి చెవి ఆనిస్తాను.