ఎక్సర్‌సైజు నాలుగు

ఢిల్లేసు పలక మీద సుద్దముక్కతో
సిన్న వంకర గీసి "ఇది కామా" అన్నాడు.
నాను నవ్వీసినాను.
ఇరవై మూడేళ్లుగా
పొద్దున్న ఎనిమిదింటి నుంచి
ఈ వంకరలే గదా ఏరతన్నాను,
గుండు ఒకపక్క, బద్ద ఒకపక్క, ముక్క ఏరే డబ్బాలోన.

"ఇక్కడ కాస్త ఊపిరి తీసుకోవాల, దాలమ్మత్తా."
కాశీబుగ్గ గేటు ఎనకాల మా అరుగు మీద
ఓపెన్ టెన్తు పుస్తకం ముందేసుకుని
ఊపిరి తీసుకున్నాను.
మా షెడ్డులో ఇన్ని లచ్చల కామాలుండగా
ఒక్కపాలీ ఆగమన్నోడు లేడే అనుకున్నాను,
పైకి అన్లేదు.

తరవాత ఆ పప్పునే ఎత్తి
అచ్చరం నెత్తి మీద ఏలాడేసినాడు.
"ఇప్పుడు దీని పేరు అపాస్ట్రఫీ.
ఎవరి సొమ్మో సెప్తాది."
కిందనుంటే ఊపిరి,
పైకెక్కితే సొమ్ము.
"ఓనర్ అని రాసి పక్కన తగిలించత్తా."
తగిలించినాను.
అలవాటు సెయ్యి
దానికీ పొట్టు తియ్యబోయినాది.

ఇంగ్లీషోళ్లకి పని మధ్యలోన వత్తాది.
మనకి ఆకరున.
మనం గింజ సూసుకుని కొడతాం.
ఆళ్లు ముందు కొట్టీసి
దేన్ని కొట్టినారో తరవాత సెప్తారు.

మూడో వారం లీవు లెటరు.
పుస్తకంలోన అందరికీ జొరమే.
ఢిల్లేసుకీ, ఆళ్ల నాన్నకీ,
ఆరో క్లాసులో మానీసిన నాకూ
అప్పట్నుంచీ అదే జొరం.
నాకిప్పుడు జొరం లేదు.
కట్టింగుకి మనిషి తక్కువైతే నన్ను కూకోబెట్టినారు,
బూడిద రాసినా జీడిసొన ఆగలేదు,
అన్నం సెంచాతో తింతన్నాను.
"మై హ్యాండ్స్ ఆర్ బర్నింగ్" అని రాసినాను.
గుంటడు సాలాసేపు సూసి
"ఆర్ కరెక్టే. రెండు సేతులు గదా" అన్నాడు.

సోమవారం గుమస్తా తవిటినాయుడు
కాయితం అటు తిప్పి ఇటు తిప్పి
లోపలికి కేకేసినాడు:
"బాబూ, అది రాసినాదట ఇది!"
లోపల్నుంచి ఓనరు:
"అదా? అది రాసినాదా?"
రెండ్రోజులు సెలవిచ్చినారు.
కూలి కోసీసినారు.

కాటా మిషనూ అదే.
గుమ్మం కాడ తొంగున్న కుక్కా అదే.
పలాస పాసింజరు వచ్చినాది,
ఆవు వచ్చినాది,
దాలమ్మ వచ్చినాది,
అందరికీ ఒకటే తోక.
ఇన్నేళ్లూ సెవికి తగల్లేదు.
మా యమ్మ కూడా నన్నలాగే పిలిసినాది,
ముద్దుగానే పిలిసినాది,
అందుకే తగల్లేదేమో.

ఆ రేతిరి ఎక్సర్‌సైజు నాలుగు,
ఖాళీలు పూరించుము: హీ, షీ, ఇట్.
పదీ బేగి పూరించీసి
అడుగున నా సొంతానికి ఒకటి రాసినాను.
షీ రోట్ ఇట్.
మన మాటలో అయితే
అది దాన్ని రాసినాది.
మన మాటలో ఇద్దరం ఒకటే,
కాయితమూ నానూ.
అక్కడ ఎడంగా నిలబడ్డాం,
మధ్యలోన పని పెట్టుకుని.

"షీ అంటే గౌరవమేటి కాదత్తా" అన్నాడు ఢిల్లేసు,
"ఉత్త షీయే."
"ఓనరు గారి ఆడమనిషికో?"
"ఆవిడికీ షీయే."
"ఏరే మాట లేదేటి?"
"లేదు."
ఇంకోపాలి అడిగినాను.
ఇంకోపాలి సెప్పినాడు.

మరి ఆకరున ఫుల్‌స్టాప్ ఏదని
ఎర్రపెన్నుతో సున్నా సుట్టినాడు.
బొటనేలు మీద జీడి మచ్చ సూపించి
"ఇదుండగా ఏరే సుక్క ఏలరా" అన్నాను.
పడీ పడీ నవ్వినాడు.
అర మార్కు మాత్రం కోసీసినాడు.