నా కొక్కెం కోర్టులో ఉంది

గుంటూరు మిర్చి యార్డులో ఆ రోజు
నా చేతిలోంచి లాక్కున్నాడు కొక్కెం.
నేను చూసింది అంతే.
తర్వాత తేజా బస్తాల వరస వెనక
యేసుపాదం పడిన చప్పుడు,
నిండు బస్తా జారితే వచ్చే చప్పుడే.
ఎవరూ తల తిప్పలేదు.

కొక్కేన్ని గుడ్డలో చుట్టి
లక్క కరిగించి ముద్ర వేశారు.
నాతో వేలిముద్ర వేయించి
ఇక నువ్వెళ్లొచ్చు నాగూర్ మీరా అన్నారు.
వెళ్లనిచ్చింది ఎక్కడ?

మొదటి ఏడు ల్యాబ్ నుంచి రిపోర్టు రాలేదు.
రిపోర్టు వచ్చిన ఏడు జడ్జిగారికి బదిలీ.
కొత్తాయన వచ్చేదాకా కుర్చీ మీద తెల్ల టవలు ఒక్కటే
మమ్మల్ని చూస్తూ ఉండేది.
ఒకసారి లాయర్లు విధులు బహిష్కరించారు,
ఎందుకని టీ బడ్డీ దగ్గర అడిగితే తలా ఒకటి చెప్పారు.
ఒకసారి ముద్దాయిని తేవడానికి పోలీసులు లేరు,
ఊళ్లోకి ఎవరో పెద్దాయన వస్తున్నాడట.
ఒకసారి అందరూ ఉన్నారు, అన్నీ ఉన్నాయి,
కరెంటు లేదు.

బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలుస్తాడు.
నాలుగో మాట ఎప్పుడూ తారీఖే.

వాయిదా నాటి కూలి ఎటూ పోయేదే.
ఏం సాక్షిగారూ అని మేస్త్రి మొదట్లో ఎగతాళికి పిలిచేవాడు.
ఇప్పుడు యార్డులో నాకు వేరే పేరు లేదు.
బడిలో మా తాత పేరు సాక్షి అని
మా మనవడు రాసొచ్చాడు.

కోర్టు వరండాలో యేసుపాదం భార్య కరుణమ్మ
తొలినాళ్లలో నా నోటివంకే చూసేది,
మొగుణ్ని అందులో దాచానన్నట్టు.
ఇప్పుడు మోకాళ్లకి ఏం రాస్తున్నావన్నా అంటుంది,
డబ్బాలోంచి సగం పులిహోర నా వైపు నెడుతుంది.
అప్పుడు ఒళ్లో ఉన్న పిల్ల
ఇప్పుడు వాయిదాలు ఫోన్‌లో రాసుకుంటోంది.

మరి వాడు, పేరాంజి,
మీసం రాకముందు లోపలికెళ్లాడు.
బేడీల చేత్తో కణత గోక్కుంటే అక్కడ నెరుపు.
ఒకరోజు నెమ్మదిగా అడిగాడు:
"బాబాయ్, తేజా ఎంత పలుకుతోంది?"
చెప్పాను.
చెప్పాక సిగ్గేసింది. ఎవరికి ద్రోహం చేశానో
ఏటుకూరు రోడ్డు దాకా నడిచినా తేలలేదు.

నీలం చొక్కా అని స్టేషన్లో చెప్పాను.
మర్చిపోకూడదని రోజూ పడుకునేముందు
నీలం, నీలం అని వల్లె వేసుకున్నాను.
ఉతికి ఉతికి బట్ట వెలిసినట్టు
తలచి తలచి ఆ రంగు వెలిసింది.
ఇప్పుడది బూడిద.
కొన్ని రాత్రులు ఆ చొక్కాలో పేరాంజి ఉంటాడు,
కొన్ని రాత్రులు ఎవరూ ఉండరు,
మొన్న నేనున్నాను.

పదకొండో ఏట గుడ్డ విప్పారు.
లక్క పొడిపొడిగా బల్ల మీద రాలింది.
చీటీ ఎలుకలు తినగా మిగిలిన రెండంకెలు.
కర్రపిడి చెదల పాలు,
నా చెమటకి నున్నబడ్డ పిడి.
వట్టి ఇనుము, తుప్పు.
"ఇది నీదేనా?" అన్నారు పీపీగారు.
పట్టుకుంటే చెప్తానని చెయ్యి చాపాను.
ముట్టుకోకూడదన్నారు.
డిఫెన్సు లాయరు లేచి నంబరు తేడా అన్నాడు.
గుమాస్తా కాయితాలు తిరగేశాడు, ముందుకీ వెనక్కీ.
జడ్జిగారు గడియారం చూశారు.

బయట కరుణమ్మ కూతురు ఫోన్ తీసి
ఎప్పుడు మామా అంది.
జూలై పదకొండు అన్నాను.
రాయబోయి ఆగింది.
ఆ రోజు తనకి పరీక్ష ఉందట.