పలక గడియారం

పలకల గనులు మూతపడ్డ ఏడే
మా వీధి గడియారమూ ఆగింది, నాలుగూ పదికి.
మార్కాపురంలో అంత నల్లటి ముఖం దానిదొక్కటే,
ఒకే రాయి, మా నాయన చీల్చింది.

ఇన్నేళ్లూ హుస్సేనమ్మ కొడుకు నిచ్చెనేసుకుని
పొద్దున్నే దానిమీద బలపంతో టైము రాసేవాడు.
దిగేలోపే అబద్ధమయ్యేది.
అయినా చూసుకునే బయల్దేరేవాళ్లం.
వాన పడితే ఆ పూటకి టైమే లేదు.

మొన్న ఇంటికి వంద వేసుకున్నాం.
నాసరయ్య షెడ్డు నుంచి గ్రీజు,
ముళ్లకి పాత బస్సు వైపర్ కడ్డీలు.
రాతిదుమ్ము మింగి ఊపిరాడని కాశయ్య
కుర్చీలోంచే కేకలు:
"సబ్బెందుకురా, తడిగుడ్డ చాలు!
బళ్లో ఎన్ని పలకలు తుడవలేదు మీరు!"

తుడిస్తే అంచున తేలింది
మేకుతో గీసిన కూలి లెక్క.
పద్నాలుగు పేర్లు.
మా నాయన పేరుకెదురుగా సున్నా.
ఆ వారం మా అమ్మ
పొయ్యిమీద ఏం పెట్టిందో.

ఇప్పుడు నడుస్తోంది,
రోజుకి ఆరు నిమిషాలు వెనకబడి.
మెకానిక్కు మళ్లీ విప్పబోతే
కాశయ్య చెయ్యి అడ్డం పెట్టాడు,
"ఉండనీరా, దానికీ ఆయాసం."

హుస్సేనమ్మ కొడుకు జేబులో
బలపంముక్క ఇంకా అలాగే ఉంది.