గూడ్సు బండి మింగిన పేరు

గుంతకల్లు. ప్లాట్‌ఫారం కొసన సిగ్నల్ వాళ్ళ గది.
రాత్రి డ్యూటీ. ఫ్యాను తిరిగేది తక్కువ, మూలిగేది ఎక్కువ.
ఖాజామొద్దీన్ ఫోను టీ గ్లాసుకు ఆనించి పెట్టినాడు.
ఇయర్‌ఫోన్లు ఒకటే జత.
ఎడమ చెవి వానిది, కుడి చెవి నాది.

బొమ్మలు మాట నేర్చిన కొత్తల్లో తీసిన హత్య కథ.
మాకు ఆ భాష రాదు,
పేర్లు మాత్రం తెలుస్తాయి.

మొదట వినబడింది మనిషి కాదు, సుయ్యిమని హోరు.
"వాన" అన్నాడు ఖాజా, కిటికీ దిక్కు చూసి.
బయట చుక్కలు.
శెనక్కాయ చేలకు ఆకాశం వట్టి చేతులు చూపిన ఆగస్టు.
వాన కాదు అది,
తొంభై ఏండ్ల కిందటి గది
ఊపిరి తీసుకుంటున్న చప్పుడు.

అందరూ బల్ల మీది పూలకుండీ దగ్గరికే వచ్చి మాట్లాడతారు.
కోపమొచ్చినా అక్కడే, ప్రేమొచ్చినా అక్కడే.
"మైకు దాంట్లో దాచినారు బ్బా" అన్నాడు
పెండ్లిండ్లకు సౌండు సెట్టు కట్టే ఇంట్లో పుట్టినోడు.
ఇంగ నేను మనుషుల్ని వదిలేసి
పూలకుండీని అనుమానిస్తా కూర్చున్నా.

ఒక ముసలి నటుడు మాత్రం దాని దగ్గరికి రాడు.
నోరు లేని బొమ్మల్లో పేరు తెచ్చుకున్నాడేమో,
కనుబొమలతో తలుపు తీస్తాడు,
భుజంతో అబద్ధమాడతాడు.
జవాబు చెప్పక తప్పనప్పుడు
అప్పు తెచ్చిన డబ్బు మాదిరి
గొంతును లెక్కబెట్టి ఖర్చుపెట్టినాడు.

సంగీతం లేదు. ఇప్పుడు భయపడు అని చెప్పేవాళ్ళు లేరు.
మెట్ల మీద బూట్లు.
ఆగినాయి.
మళ్ళా ఆ హోరు.
ఆడమనిషి అరిచింది. ఆమె నోరు మూసినాక కూడా
అరుపు రవ్వంత మిగిలింది.
ఆ రవ్వంత ఎవరిదో.

చివర్న బట్టతల పోలీసాయన పూలకుండీ పక్కకొచ్చి
అందర్నీ ఒక చుట్టు చూసి
గొంతు సవరించి నోరు తెరిచినాడు.
అప్పుడే బళ్ళారి నుంచి ఇనుపరాయి గూడ్సు.
యాభై ఎనిమిది వ్యాగన్లు. గ్లాసు వణికింది, ఫోను వణికింది,
ఆయన పెదాలు రెండుసార్లు కదిలి మూసుకున్నాయి.
గార్డు పెట్టె దాటేసరికి
తెర మీద ఏవో అక్షరాలు, చీకటి.

"వెనక్కి జరుపుదామా?"
వాని వేలు అద్దం మీదనే ఉంది.
నేను వద్దంటి.

ఎందుకో తెలీదు. తెల్లారి డ్యూటీ దిగి
ఓవర్‌బ్రిడ్జి మీద పోతావుంటే
రైళ్ళ పేర్లు చదివే గొంతు మొదలయ్యే ముందు
స్పీకర్లో అదే హోరు, రవ్వంత.
మూటలు మోసేవాళ్ళు, పాలక్యాన్ల వాళ్ళు, నేను
మెట్ల మీద ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడి
పైకి చూసినాము,
ఎవరి పేరు చెబుతుందో అని.