సర్దుతున్నాను

బ్రాడీపేట కల్యాణమంటపం, మేడమీద హాలు.
మిర్చియార్డు గాలికి ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు.
ఆర్బిటర్ని నేను. నాలుగో బోర్డు దగ్గర ఆగాను.

గుర్రం ఎలా దూకుతుందో నాకు నేర్పిన
భావన్నారాయణగారి కుడిచెయ్యి
తొడ కింద అణిగి కూచుంది,
పెళ్లిలో అల్లరిచేసి చీవాట్లు తిన్న పిల్లాడిలా.

వణుకు మొదలైన ఏడాది నుంచీ ఆయనకి అదే ఊతపదం.
కాయని గడి మధ్యకి జరిపేముందు అనాలే, ఆ మాట.
చొక్కా గుండీ దొరక్కపోతే, సర్దుతున్నాను.
శంకర్‌విలాస్ సెంటర్లో కాఫీ సాసర్లోకి ఒలికితే, సర్దుతున్నాను.
మొన్న ఆటో దిగబోయి, కాలు కదలక,
నేలని చూస్తూ రెండు నిమిషాలు:
సర్దుతున్నానమ్మా.

ఇవాళ అనడం మరిచిపోయారు.
శకటు కోసం వెళ్లిన వేలు
దారిలో ఏనుగుని తాకింది.
ముట్టుకున్న కాయే జరపాలి.
చిన్నప్పుడు నాచేత వందసార్లు రాయించింది ఆయనే.

ఎదురుగా లాలాపేట పిల్ల నఫీసా, పదేళ్లు.
నావైపు తలెత్తి
"తాత ముట్టుకోలేదు మేడమ్, చెయ్యి ముట్టుకుంది" అంది.

నాకు నోరు పెగల్లేదు.
ఆయన ఏనుగునే జరిపారు,
ఉత్తపుణ్యానికి చచ్చే గడిలోకి.
"చెయ్యి కూడా నాదేనే తల్లీ."
గడియారం నొక్కడానికి మూడుసార్లు పట్టింది.

స్కోరుషీటు నా దగ్గరుంది.
పద్దెనిమిదో ఎత్తు దాకా అక్షరాలు అక్షరాలే.
తర్వాత చీమలు.
సంతకం చోట చీమ కూడా కాదు,
అది నడిచిన దారి.

పక్కన నేనూ సంతకం చెయ్యాలి.
పెద్దగా చెయ్యలేకపోయాను.